రంజాన్‌కి ముందే చేసుకోవాల్సిన వంద రూపాయల పని: ద్రాక్షారామంలో ఫుడ్ రిజిస్ట్రేషన్ ఎలా?

మా ఖాలాది ద్రాక్షారామం. ఇంట్లోనే సమోసాలు, షీర్ ఖుర్మా చేస్తారు. ఆర్డరు ఇస్తే బిర్యానీ కూడా వండి ఇస్తారు. నిరుడు రంజాన్‌కి ముందు ఒక షాపువాళ్లు రోజూ 100 సమోసాలు తీసుకుంటామని వచ్చారు. "ఫుడ్ లైసెన్స్ నెంబరు ఉందామ్మా?" అని అడిగారు. లేదు. ఆ ఆర్డరు వేరేవాళ్లకి పోయింది. తర్వాత ఒక నెట్ సెంటర్‌కి వెళ్తే 1,500 రూపాయలు కట్టించుకున్నారు. అసలు ప్రభుత్వ ఫీజు ఏడాదికి 100 రూపాయలే.

దర్గా దగ్గరా, మసీదు వీధిలోనూ హలీమ్, పకోడీ, పండ్ల ముక్కల బండ్లు పెట్టేవాళ్లు, ఇంటి నుంచే ఆర్డర్లు చేసే అక్కచెల్లెళ్లు ఇప్పుడే ఈ పని చేసుకుంటే మంచిది. ఇక్కడ ఇచ్చిన వివరాలు 2024 ఫిబ్రవరి నాటివి.

ఎవరు చేసుకోవాలి?

దేశమంతటికీ ఒకటే చట్టం: ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006. దీన్ని అమలు చేసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ. లైసెన్సు, రిజిస్ట్రేషన్ నిబంధనలు 2011 నుంచి నడుస్తున్నాయి. తిండి వస్తువు తయారుచేసినా, అమ్మినా, నిల్వ పెట్టినా ఈ నిబంధనలు వర్తిస్తాయి. తోపుడు బండి, తాత్కాలిక స్టాల్, కిరాణా కొట్టు, ఇంటి వంటగది అన్నీ ఇందులోకే వస్తాయి. "ఇంట్లో చేస్తున్నాం కదా, మాకెందుకు?" అనడానికి లేదు.

చికెన్, మటన్ కొట్లకూ ఇదే నియమం. రోజుకి 50 కోళ్లు, లేదా 10 చిన్న జీవాల వరకు కోసేవాళ్లకు రిజిస్ట్రేషన్ సరిపోతుంది. అంతకు మించితే లైసెన్సు కావాలి.

పెళ్లి వంటలు ఒప్పుకునే క్యాటరర్లు ఫారంలో క్యాటరర్ అనే విభాగాన్నే ఎంచుకోవాలి.

12 లక్షలు అంటే లాభం కాదు

నేను బీకాం చదివినవాణ్ణి కాబట్టి ఈ ఒక్క ముక్క గట్టిగా చెప్తాను. 2024 ఫిబ్రవరి నాటి నిబంధనల ప్రకారం ఏడాది టర్నోవర్ 12 లక్షల వరకు ఉంటే రిజిస్ట్రేషన్. అది దాటి 20 కోట్ల వరకు రాష్ట్ర లైసెన్సు. ఆ పైన కేంద్ర లైసెన్సు. టర్నోవర్ అంటే మిగిలిన డబ్బు కాదు, గల్లాలోకి వచ్చిన మొత్తం.

ఒక బిర్యానీ బండి లెక్క చూద్దాం. ప్లేటు 120 రూపాయలు, రోజుకి 30 ప్లేట్లు, నెలకి 25 రోజులు. నెలకి 90,000. 11 నెలలకి 9 లక్షల 90 వేలు. రంజాన్ నెలలో హలీమ్ పెట్టి రోజుకి 8,000 అమ్మితే ఆ ఒక్క నెలకే 2 లక్షల 40 వేలు. మొత్తం 12 లక్షల 30 వేలు. చేతిలో మిగిలింది 3 లక్షలే అయినా సరే, ఆ నిబంధనల లెక్కన ఈ బండికి లైసెన్సు కావాలి. అందుకే రంజాన్ అమ్మకాన్ని కలుపుకునే లెక్క వేయండి. భయపడి తక్కువ రాయొద్దు. మీ యూపీఐ ఖాతా చూస్తే వచ్చిన డబ్బంతా అందులోనే కనపడుతుంది.

ఏమేం కావాలి?

రిజిస్ట్రేషన్‌కి కాగితాలు తక్కువే.

- పాస్‌పోర్టు సైజు ఫోటో
- ఆధార్ లాంటి గుర్తింపు కార్డు
- వ్యాపారం చేసే చోటు చిరునామా రుజువు: కరెంటు బిల్లు, అద్దె ఇల్లయితే అద్దె ఒప్పందం
- వాడుకలో ఉన్న ఫోన్ నెంబరు, ఈమెయిల్

ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫాస్కాస్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. రాష్ట్రం, జిల్లా ఎంచుకుని, చేసే వ్యాపారం ఏమిటో గుర్తుపెట్టి, ఫారం-ఎ నింపి, ఫీజు ఆన్‌లైన్‌లో కట్టాలి. ఫోన్‌లోనే చేసుకోవచ్చు. రాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లల్ని కూర్చోబెట్టుకోండి.

మనవాళ్లు జిల్లా దగ్గర పొరపాటు పడుతున్నారు. ద్రాక్షారామం మొన్నటిదాకా తూర్పు గోదావరిలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక రామచంద్రపురం మండలంతో పాటు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోకి వెళ్లింది. చాలామంది ఆధార్‌లో ఇంకా పాత జిల్లానే ఉంది. ఫారంలో మాత్రం వ్యాపారం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో అదే ఎంచుకోవాలి. లేకపోతే దరఖాస్తు వేరే జిల్లా అధికారి దగ్గరికి పోతుంది.

ఎన్ని రోజులు పడుతుంది?

దరఖాస్తు అందిన 7 రోజుల్లో అధికారి మూడింటిలో ఒకటి చేయాలి: రిజిస్ట్రేషన్ ఇవ్వడం, కారణం రాసి తిరస్కరించడం, లేదా తనిఖీకి వస్తామని నోటీసు ఇవ్వడం. ఏ జవాబూ రాకపోతే వ్యాపారం మొదలుపెట్టొచ్చని నిబంధనల్లోనే ఉంది. ఫారంలో లోపం ఉంటే వెనక్కి పంపిస్తారు. దానికి జవాబు ఇవ్వకుండా వదిలేస్తే దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు చూసుకుంటూ ఉండండి.

వచ్చిన సర్టిఫికెట్ మీద 14 అంకెల నెంబరు ఉంటుంది. దాన్ని బండి మీదో, గోడ మీదో అందరికీ కనపడేలా పెట్టాలి. 2022 జనవరి 1 నుంచి బిల్లుల మీద కూడా ఈ నెంబరు వేయాలి.

2024 ఫిబ్రవరి నాటి నిబంధనల ప్రకారం 1 నుంచి 5 ఏళ్ల వరకు కాలం ఉంటుంది. గడువు తీరడానికి 30 రోజుల ముందే రెన్యువల్‌కి పెట్టాలి. ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు అదనం. ఏడాది ఫీజు ఎంతో, ఒక్కరోజు ఆలస్యానికీ అంతే. తారీఖు క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

ఇది ఏది కాదు?

ఈ నెంబరు హలాల్ సర్టిఫికెట్ కాదు. హలాల్ సర్టిఫికెట్ ఉన్నా ఇది తీసుకోవాల్సిందే. పంచాయతీ ఇచ్చే వ్యాపార లైసెన్సు వేరు, అది పంచాయతీ ఆఫీసులోనే అడగాలి. జీఎస్టీ కూడా వేరు. వండి వడ్డించే వ్యాపారానికి ఏడాదికి 20 లక్షలు దాటితేనే ఆ లెక్క వస్తుంది.

తనిఖీకి వస్తే చూసేవి

తాగడానికి పనికొచ్చే నీళ్లు, మూత పెట్టిన గిన్నెలు, చేతులు కడుక్కునే చోటు, చెత్తబుట్ట. జబ్బుగా ఉన్నవాళ్లు వంట దగ్గర ఉండకూడదు. పకోడీలు న్యూస్‌పేపర్‌లో కట్టి ఇవ్వొద్దు, సిరా తిండిలోకి దిగుతుంది. కాచిన నూనెనే మళ్లీ మళ్లీ వాడటం మీద కూడా 2018 జూలై నుంచి పరిమితి ఉంది. ఇఫ్తార్‌కి సమోసా కొనేది రోజంతా ఉపవాసం ఉన్న మనిషి. చట్టం చెప్పకపోయినా ఇవి చూసుకోవాల్సినవే.

మోసపోకండి

ప్రభుత్వ పోర్టల్‌లా కనపడే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి. 1,500, 3,000 అడిగితే అక్కడే ఆగండి. ఫారం నింపిపెట్టినందుకు ఎవరికైనా కూలి ఇవ్వొచ్చు, తప్పులేదు. కానీ ఫీజు ఎంత, కూలి ఎంత అని విడివిడిగా అడిగి రసీదు తీసుకోండి. సందేహం ఉంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్‌ఫ్రీ నెంబరు 1800 112 100.

మా ఖాలా సర్టిఫికెట్ ఇప్పుడు వంటింటి గోడ మీద ఉంది. పోయిన ఆర్డరు తిరిగి రాలేదు. ఈసారి ఇంకో కొట్టువాళ్లు వచ్చి నెంబరు అడిగితే, గోడ వైపు చూపించారు.