ఫ్రేములో ఏది ఉంచాలి? పల్నాటి దృశ్యాల ఛాయాచిత్ర చరిత్ర

లాండ్‌స్కేప్ ఫొటో బాగుపడటానికి రెండు దారులున్నాయి. షట్టర్ నొక్కే ముందు ఫ్రేములో ఏది ఉండాలో తేల్చుకోవడం మొదటిది. నొక్కాక బొమ్మలో చేరిన గరుకునూ రంగు చుక్కలనూ తగ్గించడం రెండోది. మొదటిదాన్ని కంపోజిషన్ అంటున్నాం, రెండోదాన్ని నాయిస్ రిడక్షన్ అంటున్నాం. ఒకటి కంటికి సంబంధించిన విద్య, ఇంకొకటి సాఫ్ట్‌వేర్ పని అని విడదీసి చూడటం అలవాటైంది. చరిత్ర తిరగేస్తే ఈ రెండూ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయని తెలుస్తుంది: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? ఈ ప్రశ్న పల్నాటివాళ్లకు మరీ దగ్గరిది. ఇక్కడ ఒక లోయ లోయంతా నీళ్ల కిందికి పోయింది. దాన్ని ఇప్పుడు చూడాలంటే పాత ఫొటోలే దిక్కు.

కుంచె, కాగితం, మైనం

కెమెరా రాకముందు ఈ ప్రాంతాన్ని కాగితం మీదికి ఎక్కించినవాళ్లు సర్వేయర్ కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన చిత్రకారులు. ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్న అమరావతిలో, 1816–20 మధ్య, వాళ్లు దీపాలదిన్నె అనే స్తూపపు దిబ్బ నక్షానూ శిల్పాలనూ శ్రద్ధగా గీశారు. గీసేవాడికి ఒక సౌలభ్యం ఉంది. అడ్డం వచ్చిన ముళ్లకంప వద్దనుకుంటే గీయడు, అంతటితో సరి. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఎదురుగా ఉన్నదంతా పట్టుకుంటుంది, లేనిదాన్ని కూడా కొంత కలుపుతుంది.

1839లో ఫ్రాన్స్‌లో డాగేర్ పద్ధతి లోకానికి వెల్లడైంది. 1856లో మద్రాసులో ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది, అదే ఏడాది లినేయస్ ట్రైప్ మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ అయ్యాడు. కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతిలో తవ్వించి మద్రాసుకు తరలించిన శిల్పాలను ట్రైప్ 1858లో ఫొటోలు తీశాడు. పల్నాటి రాయి కెమెరాకు చిక్కిన తొలి సందర్భాల్లో ఇదొకటి. అయితే ఆ రాయి అప్పటికే తన నేలను వదిలి మ్యూజియం చేరింది.

ట్రైప్ ఎక్కువగా వాడింది కాగితపు నెగటివ్. కాగితంలోని పీచు ముద్రలో మచ్చలు మచ్చలుగా దిగేది. దాన్ని తగ్గించడానికి కాగితానికి మైనం పట్టించేవారు. ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే ఈ పద్ధతికి 1851లో ఒక రూపం ఇచ్చాడు. నాయిస్ తగ్గించే తొలి ఉపాయాల్లో దీన్ని లెక్కవేయాలి. ఆనాటి రసాయనాలకు ఇంకో లోపం ఉండేది. అవి నీలం వెలుగుకే ఎక్కువ స్పందించేవి, అందువల్ల నేల సరిగా పడేసరికి ఆకాశం తెల్లగా, ఖాళీగా మిగిలేది. ల గ్రే సముద్రానికి ఒక నెగటివ్, మేఘాలకు ఇంకో నెగటివ్ తీసి రెండూ కలిపి ముద్రించాడు. ట్రైప్ ఏకంగా నెగటివ్ మీదే మేఘాలు దిద్దాడు. ఆకాశం మార్చే యాప్‌లను చూసి ముక్కున వేలేసుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఈ పనికి నూట అరవై ఏళ్లు పైబడ్డాయి.

గాజు పలకల కాలం

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తెచ్చిన కొలోడియన్ పద్ధతితో కాగితం స్థానంలో గాజు వచ్చింది, పీచు మచ్చల బెడద పోయింది. కానీ పలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి. 1863 నుంచి హిమాలయాల్లో తిరిగిన శామ్యూల్ బోర్న్ చీకటి గుడారాన్నీ రసాయనాలనూ పదుల సంఖ్యలో కూలీలతో మోయించుకున్నాడు. ఇంత శ్రమకోర్చి తీసే ఒక్క పలకకు ఎక్కడ నిలబడాలో గంటలకొద్దీ ఆలోచించక తప్పదు. కంపోజిషన్‌లో క్రమశిక్షణ చాలావరకు ఈ కష్టంలోంచి పుట్టింది.

1871లో రిచర్డ్ మాడక్స్ జెలటిన్ పొడి పలకకు దారి చూపాక ఆ భారం తగ్గింది. కృష్ణకు ఇవతల పల్నాడు ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఉంటే, అవతలి ఒడ్డు నిజాంది. ఆ నిజాం ఆస్థానంలో పనిచేసి 1894లో రాజా బిరుదు పొందిన లాలా దీన్‌దయాళ్, సికింద్రాబాదు స్టూడియో నుంచి కోటలనూ కట్టడాలనూ చెరువులనూ గాజు పలకల మీదికి ఎక్కించాడు. ముందుభాగంలో ఒక బండ, మధ్యలో కట్టడం, వెనక కొండ. ఇలా దృశ్యాన్ని పొరలుగా పేర్చే ఆనాటి తీరును ఈనాటికీ క్లబ్బుల్లో కొత్తవాళ్లకు నేర్పుతున్నారు.

మునిగిన లోయ

పల్నాటి దృశ్య చరిత్రలో అసలు అధ్యాయం నాగార్జునకొండ. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ. 1926లో ఇక్కడి శిథిలాలు వెలుగులోకి వచ్చాక, పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ 1927–31 మధ్య తవ్వకాలు జరిపించి 1938లో ఫొటోలతో గ్రంథం వెలువరించాడు. కృష్ణ మీద డ్యామ్ కడతారని తేలాక 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయనంతా మళ్లీ తవ్వి నమోదు చేశారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ముఖ్యమైన కట్టడాలు కొన్ని కొండ మీదికీ అనుపుకూ చేరాయి. తక్కిన లోయ జలాశయం అడుగుకు చేరింది.

పురావస్తు ఫొటోకు కఠినమైన నియమాలుంటాయి. 1944–48 మధ్య భారత పురావస్తు శాఖను నడిపిన మార్టిమర్ వీలర్ వీటిని గట్టిగా అమలు చేయించాడు. గోతి అంచులు శుభ్రంగా ఊడ్చి ఉండాలి, ఫ్రేములో కొలకర్ర కనిపించాలి, పొద్దుటి వెలుగో సాయంత్రపు వెలుగో ఏటవాలుగా పడి గోడ గీతలు తేలాలి. ఏటవాలు వెలుగు, కొలతకు ఒక ఆనవాలు, శుభ్రమైన అంచులు. ఎత్తిపోతల ఎదుట నిలబడే నేటి ఫొటోగ్రాఫర్‌కూ ఇవే పనికొస్తాయి. బండల మీద ఒక మనిషి నిలబడితేనే ఆ జలపాతం ఎత్తు తెలుస్తుంది.

అయితే ఈ నియమాలకు ఇంకో ముఖం ఉంది. స్తూపం పునాది చూపించాల్సిన ఫొటోలో పక్కనున్న చేను అనవసరం, ఎడ్లబండి అడ్డం. చుట్టుపక్కల బతుకు ఫ్రేము అంచున పడినంతవరకే మిగులుతుంది. ఆ లోయలో పుల్లారెడ్డిగూడెం అనే ఊరు ఉండేది. అక్కడి తవ్వకాల్లో బయటపడిన ఇక్ష్వాకుల నగరాన్ని గురించి మనకు బోలెడంత తెలుసు. ఆ ఊరి వీధి ఎలా ఉండేదో చూడాలంటే మాత్రం వెతుక్కోవాలి. ఒక తరం తీసేసినదాన్నే ఇంకో తరం వెతుక్కుంటుంది.

గ్రెయిన్ రోజులు

ఫిల్ము వచ్చాక గరుకు పేరు గ్రెయిన్ అయింది. వెండి లవణం రేణువులు పెద్దవైతే ఫిల్ము తక్కువ వెలుగులోనూ పనిచేస్తుంది, కానీ బొమ్మ గరుకెక్కుతుంది. కొడాక్ 1927లో తెచ్చిన డి-76 డెవలపర్ సన్నని గ్రెయిన్‌కు పేరుబడింది. 1932లో ఆన్సెల్ ఆడమ్స్, ఆయన మిత్రులు ఎఫ్/64 బృందంగా ఏర్పడి, పెద్ద నెగటివ్ మీద ముందుభాగం నుంచి కొండ దాకా అంతా స్పష్టంగా ఉండాలన్నారు. నెగటివ్ పెద్దదైతే ముద్రలో గ్రెయిన్ కనపడదు. అదీ వాళ్ల రహస్యం. మన పట్టణాల స్టూడియోల్లో తిరిగింది తూర్పు జర్మనీ ఆర్వో, ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ చేసిన ఇందు. కొండ వెనక ఆకాశం ముదరాలంటే లెన్సుకు పసుపో ఎరుపో ఫిల్టరు తగిలించేవారు. ల గ్రే రెండు నెగటివ్‌లతో సాధించింది ఒక రంగు గాజుతో తీరిపోయింది.

సెన్సర్ వచ్చాక

1969లో బెల్ ల్యాబ్స్‌లో బోయల్, స్మిత్ సీసీడీని కనిపెట్టారు. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తొలి డిజిటల్ కెమెరా కట్టాడు, ఒక్క బొమ్మ నమోదు కావడానికి 23 సెకన్లు పట్టేది. గ్రెయిన్ పోయి నాయిస్ వచ్చింది.

దీని మూలం వెలుగులోనే ఉంది. వెలుగు ఫోటాన్లుగా వస్తుంది, వాటి రాక సమంగా ఉండదు. వాన మొదలైన తొలి నిమిషంలో పక్కపక్కనున్న రెండు నాపరాళ్ల మీద చినుకులు సమానంగా పడవు. గంట కురిశాక రెండూ ఒకేలా తడుస్తాయి. సెన్సర్ మీది గడులకూ ఇదే వర్తిస్తుంది. ఒక గడిలో 100 ఫోటాన్లు పడితే హెచ్చుతగ్గు సుమారు 10, అంటే పదోవంతు. 10,000 పడితే హెచ్చుతగ్గు 100, అంటే నూరోవంతు. అందుకే నాయిస్ నీడల్లో కాపురముంటుంది. దానికి తొలి మందు సాఫ్ట్‌వేర్ కాదు, వెలుగు. స్టాండు వేసి, ఐఎస్ఓ తగ్గించి, షట్టర్‌ను ఎక్కువసేపు తెరవడం. అదీ చాలకపోతే ఒకే దృశ్యాన్ని 16 సార్లు తీసి సగటు కడితే నాయిస్ నాలుగోవంతుకు దిగుతుంది. ఫోన్లలో 2018 నుంచి ప్రచారమైన నైట్ మోడ్ చేసేది దాదాపు ఇదే.

పల్నాడు ఈ సూత్రాలకు మంచి పరీక్ష. రెంటచింతల ఎండ రాష్ట్రమంతా ఎరిగినదే. సెన్సర్ వేడెక్కేకొద్దీ, ఆరేడు డిగ్రీలకోసారి, దానిలో పుట్టే దొంగ సంకేతం దాదాపు రెట్టింపవుతుంది. వేసవి రాత్రి నక్షత్రాల కోసం నిమిషాల తరబడి షట్టర్ తెరిస్తే మెరుపు చుక్కలు ఖాయం. మూత పెట్టి అంతేసేపు ఇంకో ఫ్రేము తీసి మొదటిదాంట్లోంచి తీసివేయడం దానికి విరుగుడు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల వైపు దూరపు కొండల్ని తీస్తే మసక కమ్ముతుంది. 2015లో అడోబీ తెచ్చిన డీహేజ్ లాంటి మీటలు దాన్ని చీలుస్తాయి. కానీ అణగారిన తేడాలను సాగదీస్తే వాటితో పాటు నాయిస్ కూడా సాగుతుంది. మీట తిప్పడం కంటే వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే వెళ్లడం మేలు. కోటప్పకొండ తిరునాళ్ల రాత్రి ఇంకా కష్టం. ప్రభల మీద బల్బులు కళ్లు చెదిరేలా వెలుగుతాయి, వెనక త్రికూటం కొండ చీకట్లో ఉంటుంది. జనం కదులుతుంటారు గనుక ఫ్రేములు కలిపితే మనుషులు చెదిరిపోతారు. చీకటి పడబోయే ముందు, ఆకాశంలో నీలం మిగిలి ఉండగా తీస్తే కొండ రూపం, ప్రభ వెలుగు రెండూ దక్కుతాయి. ఇక్కడ వేళను ఎంచుకోవడమే కంపోజిషన్, అదే నాయిస్ రిడక్షన్ కూడా.

లెక్క గీసిన గీత

నాయిస్ తీసే లెక్కలు మెల్లగా పదునెక్కాయి. 1990ల్లో వేవ్‌లెట్లు, 2005లో దూరపు పోలికలను వెతికి సగటు కట్టే నాన్‌లోకల్ మీన్స్, 2007లో బీఎం3డీ, 2017 నుంచి న్యూరల్ నెట్‌వర్కులు వచ్చాయి. 2023లో లైట్‌రూమ్‌లోకి ఏఐ డీనాయిస్ వచ్చాక చిన్న స్టూడియోలకూ ఇవి అందాయి.

వీటన్నిటికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దుకు మనవాడి పేరుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో చూపిన ఫలితాన్ని క్రామర్–రావు హద్దు అంటారు. చేతిలో ఉన్న సమాచారంతో, ఏ పక్కకూ మొగ్గకుండా అంచనా వేస్తే, లోపం ఒక స్థాయికి దిగువన ఉండటం అసాధ్యమని దాని సారం. డీనాయిసింగ్ ఎంతవరకు సాధ్యమో తూచడానికి పరిశోధకులు ఈ హద్దు ఆధారంగా వచ్చిన లెక్కలనే వాడారు. దాన్ని దాటి బొమ్మ శుభ్రంగా కనిపించిందంటే బయటి నుంచి ఏదో వచ్చి చేరిందన్నమాట. ఏఐ విషయంలో ఆ చేరింది వేరే ఫొటోల జ్ఞాపకం. నీడలో ఉన్న మిరపచేను ఏదో ఒక పచ్చని చేనుగా మారవచ్చు. చూడటానికి బాగుంటుంది, కానీ అది ఆ చేను కాదు. ట్రైప్ మేఘాలకూ దీనికీ ఒక తేడా ఉంది. తాను దిద్దినది ఏదో ట్రైప్‌కు తెలుసు.

కాబట్టి పల్నాట్లో కెమెరా పట్టే మిత్రులకు ఒక విన్నపం. చక్కటి ఫ్రేము కోసం బిగించి తీసే ముందు, కరెంటు స్తంభాలూ గుడిసెలూ పడినా సరే, ఒకటి వెడల్పుగా తీయండి. నాయిస్ తీసిన ప్రతిని ప్రదర్శించండి, రా ఫైలును మాత్రం చెరిపేయకండి. రేపు ఇంతకంటే మంచి పద్ధతి వస్తుంది, దానికి అసలు ఫైలే కావాలి. పక్కన ఊరు, తేదీ, నిలబడిన చోటు రాసిపెట్టండి.