కొండ అక్షింతల పురుగులకు పేర్లు పడిన చరిత్ర

కొండ మీద అక్షింతల పురుగును పట్టుకోవడానికి ఒక పూట చాలు. అది అంతకుముందు ఎవరూ వర్ణించని జాతి అని తేల్చి, పేరు పెట్టి, అచ్చులో ప్రకటించడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ఒక్కోసారి ఒక తరమే గడిచిపోతుంది. కొత్త జాతి నమూనా మొదట చేతికి దొరికిన నాటికీ, దానికి పేరు పడిన నాటికీ మధ్య సగటున 21 ఏళ్ల ఎడం ఉంటోందని 2012లో పారిస్ పరిశోధకులు లెక్క తేల్చారు. అన్ని రకాల జీవులనూ కలిపి వేసిన లెక్క అది. కొండల్లో బతికే అక్షింతల పురుగుల్లో ఈ ఎడం ఇంకా ఎక్కువైన సందర్భాలున్నాయి. ఆ మధ్యకాలమంతా పురుగు మ్యూజియం సొరుగులోనే ఉంటుంది. దాన్ని గుర్తుపట్టగల మనిషి వచ్చేదాకా అది ఎవరికీ తెలియనట్టే లెక్క.

కాక్సినెల్లిడే అనే ఈ కుటుంబంలో ఇప్పటికి దాదాపు 6,000 జాతులకు పేర్లున్నాయి. తెలుగు రైతులకు వాటిలో కొన్నే బాగా పరిచయం. పత్తి, వేరుశనగ, అలసంద చేలల్లో పేనుబంకను తినే ఆరు మచ్చల అక్షింతల పురుగు మిత్రపురుగు. వంగ ఆకుల్లో పచ్చదనాన్ని గోకి తిని ఈనెలు మిగిల్చే ఇరవై ఎనిమిది మచ్చలది పంటకు శత్రువు. ఈ రెండింటికీ పేరు పెట్టినవాడు డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్. వంగ పురుగుకు 1775లోనూ, ఆరు మచ్చలదానికి 1781లోనూ పేర్లు పడ్డాయి. ఆయన గురువు లినేయస్ 1758లో ఏడు మచ్చల పురుగుకు పేరు పెట్టాడు. జంతువుల శాస్త్రీయ నామాలన్నింటికీ ఆ ఏడాదే మొదలు.

మైదానాల పురుగులకు పేర్లు ముందుగా పడటానికి కారణం సులభంగానే కనిపిస్తుంది. అవి చేలల్లో, తోటల్లో, ఓడరేవుల చుట్టూ దొరికేవి. లినేయస్ శిష్యుడే అయిన వైద్యుడు కోనిగ్ 1768లో డేనిష్ రేవు తరంగంబాడికి వచ్చి, దక్షిణాదిలో సేకరించిన మొక్కలనూ కీటకాలనూ యూరప్‌కు పంపుతూ ఉండేవాడు. వాటిలో ఎన్నో కీటకాలను ఫాబ్రీషియస్ వర్ణించాడు. కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. కొండ పురుగులకు ఇలాంటి దారి లేదు. ఎవరో పనిగట్టుకుని కొండెక్కితే తప్ప అవి సొరుగులోకి చేరవు.

హిమాలయాల పురుగులు యూరప్ చేరింది ఎక్కువగా సైనికాధికారుల చేతుల మీదుగానే. బెంగాల్ సైన్యంలో మేజర్ జనరల్‌గా ఉన్న థామస్ హార్డ్‌విక్ దగ్గర నేపాల్ కీటకాల సేకరణ ఉండేది. దాన్ని పరిశీలించిన ఇంగ్లిష్ కీటక శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ విలియం హోప్ 1831లో అందులోని కొత్త జాతుల పట్టిక ప్రచురించాడు. దాదాపు సెంటీమీటరు పొడవుండే ఒక పెద్ద అక్షింతల పురుగుకు ఆయన హెక్సాస్పిలోటా అని పేరు పెట్టాడు. 1860లో రష్యన్ శాస్త్రజ్ఞుడు మోచుల్స్కీ, సైబీరియా తూర్పు కొసన అమూర్ నదీ ప్రాంతంలో దొరికిన పురుగును మిరాబిలిస్ పేరుతో వర్ణించాడు. ఆ తర్వాత చాలాకాలం రెండు పేర్లూ చెలామణి అయ్యాయి. చివరికి రెండూ ఒకే జాతి అని తేలింది. ముందు పడిన పేరే నిలవాలన్న నియమం ప్రకారం అది ఇప్పుడు అయోలోకేరియా హెక్సాస్పిలోటా. హిమాలయాల నుంచి జపాన్ దాకా వ్యాపించిన పురుగును రెండు చివర్ల నుంచి ఇద్దరు చూశారు. ఒకరి నమూనా పక్కన మరొకరిది పెట్టి చూసే అవకాశం ఆ రోజుల్లో ఇద్దరికీ లేదు.

తొలినాటి వర్ణనలు చాలా పొట్టివి. లాటిన్‌లో ఒకటి రెండు వరుసలు, రెక్కల రంగు, మచ్చల సంఖ్య, దేశం పేరు, అంతటితో సరి. మచ్చలను లెక్కపెట్టి పేరు పెట్టే అలవాటు లినేయస్ నుంచే వచ్చింది. ఈ కుటుంబంలో అంత మోసపుచ్చే లక్షణం మరొకటి లేదు. ఒకే తల్లి పిల్లల్లో ఒకటి మచ్చలతో, మరొకటి మచ్చలు కలిసిపోయి, ఇంకొకటి నల్లగా పుట్టవచ్చు. ఆసియాలో కనిపించే హార్మోనియా ఆక్సిరిడిస్ ఇందుకు పేరెన్నికగన్నది. 1773లో పల్లాస్ దీనికి పేరు పెట్టాడు. 1835లో ఫాల్డర్‌మాన్ దీని నల్ల రూపాలనే చూసి వేరే జాతులుగా వర్ణించాడు. యుద్ధకాలంలో చైనాలోని గుయిజౌ ప్రాంతంలో పనిచేసిన టాన్ జియాజెన్, ఈ రంగులు వంశపారంపర్యంగా ఎలా వస్తాయో సంకరణ ప్రయోగాలతో చూపి 1946లో ప్రచురించాడు. ఆ వైవిధ్యం వెనక పానియర్ అనే ఒకే జన్యువు ఉందని 2018లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా తేల్చాయి.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ చెల్లాచెదురు వర్ణనలను ఒక క్రమంలోకి తెచ్చినవాడు ఫ్రాన్స్‌లోని లియోన్ నగరవాసి ఎత్యెన్ మూల్సాఁ. 1850లో వెలువడిన ఆయన గ్రంథం వెయ్యి పేజీలకు పైబడినది. ప్రపంచంలో అప్పటికి తెలిసిన అక్షింతల పురుగులన్నింటినీ ఆయన అందులో సమీక్షించాడు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక చిన్న ఎర్ర పురుగుకు కార్డినాలిస్ అని పేరు పెట్టింది అందులోనే. నాలుగు దశాబ్దాల తర్వాత కాలిఫోర్నియా బత్తాయి తోటలను పొలుసు పురుగు బారినుంచి కాపాడింది అదే జాతి. పేరు పెట్టిననాడు దానివల్ల ఇంత మేలు జరుగుతుందని మూల్సాఁకు తెలిసే వీలులేదు. కేంబ్రిడ్జి గ్రంథాలయంలో పనిచేసిన జార్జ్ రాబర్ట్ క్రాచ్ 1874లో ఈ కుటుంబం మొత్తాన్ని తిరిగి పరిశీలించి పుస్తకం తెచ్చాడు. అదే ఏడాది, ముప్పై రెండేళ్ల వయసులో, క్షయతో ఫిలడెల్ఫియాలో చనిపోయాడు. ఆ పుస్తకాన్ని ఈనాటికీ పక్కన పెట్టలేరు.

మచ్చల మీద ఆధారపడటం తగ్గి, పురుగు లోపలి నిర్మాణాన్ని చూడటం పెరిగింది ఇరవయ్యో శతాబ్దంలో. ఆ మార్పులో పాలుపంచుకున్నవారిలో థియోడోసియస్ డోబ్‌జాన్‌స్కీ ఒకరు. జన్యుశాస్త్రాన్నీ జీవపరిణామాన్నీ కలిపిన 1937 నాటి గ్రంథంతో ఆయన లోకప్రసిద్ధుడు. ఆయన శాస్త్రజీవితం మాత్రం అక్షింతల పురుగులతోనే మొదలైంది. 1918లో, పద్దెనిమిదేళ్ల కుర్రవాడిగా, కీవ్ పరిసరాల్లో దొరికిన ఒక కొత్త జాతిని వర్ణించడం ఆయన మొదటి రచన. ఆడ పురుగుల జననాంగాల ఆధారంగా జాతులను వేరుపరచవచ్చని 1924లో ఒక వ్యాసం రాశాడు. ఒక జాతిలోని రంగు రూపాలు ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి ఎలా మారుతాయో కూడా ఈ పురుగుల్లోనే చూశాడు. జాతి అంటే ఏమిటన్న ప్రశ్న ఆయన మనసులో నాటుకున్నది వీటి దగ్గరే అనుకోవడం తప్పు కాదు.

ఇప్పుడు ఒక జాతిని వర్ణించే పని ఇలా సాగుతుంది. ఎండిన పురుగును గోరువెచ్చని నీటిలో నానబెట్టి మెత్తబరుస్తారు. సన్నని సూదులతో పొట్ట చివరి భాగాన్ని విడదీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచుతారు. కండరాలూ కొవ్వూ కరిగిపోయి గట్టి భాగాలే మిగులుతాయి. వాటిని గ్లిజరిన్ చుక్కలో పెట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. మగ పురుగులో సైఫో అనే వంపు తిరిగిన సన్నని గొట్టం, దానికి దారి చూపే భాగం, ఇరువైపులా వెంట్రుకలున్న రెండు కొమ్మలు కనిపిస్తాయి. గొట్టం కొన ఆకారం ఒక్కటే రెండు జాతులను వేరు చేయవచ్చు. పైకి చూస్తే ఆ రెండింటికీ తేడా కనిపించదు. ఆడ పురుగులో వీర్యాన్ని నిల్వ చేసుకునే చిన్న సంచి ఆకారం చూస్తారు. పాదాన్ని కూడా వదలరు. దానికి నాలుగు కణుపులుంటాయి. మూడోది మరీ చిన్నదై రెండోదాని మధ్య దాగి ఉండటంతో పాతవాళ్లు మూడే అనుకున్నారు. మూల్సాఁ గ్రంథం పేరులో కూడా ఆ మూడే ఉంది.

కొలతలు, బొమ్మలు పూర్తయ్యాక పురుగును చిన్న అట్టముక్క కొనకు అంటించి, అట్టకు సూది గుచ్చుతారు. విడదీసిన భాగాలు గ్లిజరిన్‌తో చిన్న గొట్టంలో అదే సూదికి వేలాడతాయి. కింద చీటీలు ఉంటాయి. ఊరు, ఎత్తు, తేదీ, పట్టినవారి పేరు ఒకదానిపై, జాతి పేరు మరొకదానిపై రాస్తారు. కొత్త జాతికి ప్రమాణంగా నిలిచే ఒకే ఒక్క నమూనాను హోలోటైప్ అంటారు. ఆనవాయితీగా దానికి ఎర్ర చీటీ పెడతారు. ఎన్నేళ్ల తర్వాత సందేహం వచ్చినా చివరి తీర్పు ఆ నమూనాదే. చీటీ మీద ఎత్తు రాయకుండా వదిలేసిన పాత సేకర్తలు తర్వాతివారికి తెచ్చిపెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. హిమాలయాల్లో వెయ్యి మీటర్లు ఎక్కితే చెట్లు మారతాయి, చెట్లతోపాటు వాటి మీది పేనుబంకా మారుతుంది, దాన్ని తినే పురుగూ మారుతుంది.

1924 ఎవరెస్ట్ యాత్ర అనగానే పర్వతారోహకులు మాలరీ, ఇర్విన్ గుర్తుకొస్తారు. ఆ యాత్రకు వైద్యుడిగా, ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా వెళ్లినవాడు ఇండియన్ మెడికల్ సర్వీస్‌కు చెందిన మేజర్ హింగ్‌స్టన్. డార్జిలింగ్ నుంచి టిబెట్ పీఠభూమి మీదుగా సాగిన దారి పొడవునా రాళ్లు తిరగేసి, పొదలు గాలించి దాదాపు 10,000 జంతు నమూనాలు సేకరించాడు. అవి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. వాటిలోని అక్షింతల పురుగుల మీద సమగ్ర వ్యాసం వెలువడింది 1963లో, అంటే 39 ఏళ్ల తర్వాత. రాసినవారు జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన ఎ. పి. కపూర్. కాక్సినెల్లా టిబెటీనా అనే జాతికి ఆ వ్యాసంలోనే పేరు పడింది. యాత్రలో దొరికిన గెంతే సాలీడు ఒకటి ఇంకా ఆలస్యంగా, 1975లో పేరు పొందింది. బ్రిటిష్ యాత్ర తెచ్చిన పురుగులను వర్ణించడానికి ఒక భారతీయ నిపుణుడు కావలసి రావడం ఈ చరిత్రలో పెద్ద మలుపు. కపూర్ అంతకుముందే, 1954లో, కాశ్మీర్ పండ్లతోటల్లో శాన్ హోసే పొలుసు పురుగును తినే అక్షింతల పురుగుల మీద రాశారు, అందులోనూ ఒక కొత్త జాతి ఉంది.

అదే దశకంలో ఆగ్రా సెయింట్ జాన్స్ కళాశాలలో ఎం. ఎస్. మణి నడిపిన కీటకశాస్త్ర విభాగం వాయవ్య హిమాలయాలకు యాత్రలు చేసింది. ఎత్తైన ప్రాంతాల కీటకాలపై మణి రాసిన గ్రంథాలు 1962లో, 1968లో వచ్చాయి. మైదానం నుంచి గాలికి కొట్టుకొచ్చి మంచు మీద పడే పురుగులు, కొండశిఖరాల రాళ్ల కింద గుంపులుగా చేరే అక్షింతల పురుగులు ఆయన పరిశీలనల్లో ఉన్నాయి. ఆ గుంపుల్లో ఉండేవి చాలావరకు అందరికీ తెలిసిన జాతులే. కొత్త జాతులు సాధారణంగా ఆవగింజంత సైజులో, నల్లగానో గోధుమరంగులోనో, నూగుతో, దేవదారు, ఓక్ కొమ్మల మీద ఒంటరిగా దొరుకుతాయి. వాటి కోసం కొమ్మ కింద గుడ్డ పట్టి కర్రతో కొట్టాల్సిందే. 1968లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయ బృందం నేపాల్ హిమాలయాల్లో సేకరించిన పురుగులను కీటక శాస్త్రజ్ఞుడు మియాతకే వర్ణించింది 1985లో.

ఈ పనికి అక్కరకొచ్చే ముఖం కూడా ఉంది. 1951లో అమెరికాలోని వర్జీనియాలో హెమ్లాక్ చెట్లను ఎండగట్టే, ఒంటినిండా తెల్లని ఉన్ని కప్పుకునే ఒక ఆసియా పురుగు కనిపించి, తూర్పు కొండల అడవులంతటా పాకింది. దాని సహజ శత్రువులను వెతుకుతూ వెళ్లిన అమెరికా శాస్త్రజ్ఞుడు మార్క్ మెక్‌క్లూర్‌కు 1992లో జపాన్ హెమ్లాక్ చెట్ల మీద రెండు మిల్లీమీటర్ల నల్లని అక్షింతల పురుగు దొరికింది. జపాన్ శాస్త్రజ్ఞుడు ససాజీతో కలిసి ఆయన 1997లో దాన్ని సూడోసిమ్నస్ సూగే పేరుతో వర్ణించారు. దాన్ని అమెరికా అడవుల్లో వదలడం మాత్రం 1995లోనే మొదలైంది. అవసరం తరుముకొస్తే పేరుకన్నా ముందే పని జరుగుతుందని ఇది చెబుతుంది. అదే కాలంలో చైనాలో యునాన్, సిచువాన్, షాంగ్జీ కొండల్లో చైనా, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి గాలించగా సిమ్నస్ ప్రజాతికి చెందిన సైన్యువానోడ్యులస్, కాంప్టోడ్రోమస్, నింగ్‌షానెన్సిస్ అనే కొత్త జాతులు బయటపడ్డాయి. వీటిలో మూడోది నింగ్‌షాన్ జిల్లా పేరు మోస్తోంది.

జపాన్ పురుగు పేరు అంతటితో స్థిరపడలేదు. దాని ప్రజాతి సూడోసిమ్నస్‌ను 1962లో చాపిన్ ఏర్పరిచాడు. 1935లోనే హెర్రే ఒక షార్క్ ప్రజాతికి అదే పేరు పెట్టి ఉన్నాడు. జంతువుల్లో రెండు ప్రజాతులకు ఒకే పేరు ఉండకూడదు కాబట్టి, 2004లో వాండెన్‌బర్గ్ ఈ ప్రజాతికి ససాజీ గౌరవార్థం ససాజిసిమ్నస్ అని కొత్త పేరు ఇచ్చారు. అప్పటికే ఆ పురుగు మీద అచ్చయిన పరిశోధన అంతా పాత పేరుతోనే ఉంది.

ఇలాంటి చిక్కులను తీర్చడానికే అంతర్జాతీయ నామకరణ నియమావళి ఉంది. దాని నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమలులో ఉంది. అప్పటినుంచి కొత్త జాతికి ప్రమాణ నమూనా ఏదో వ్యాసంలో స్పష్టంగా చెప్పాలి, అది ఏ సంస్థలో ఉంచారో లేక ఉంచబోతున్నారో రాయాలి. కంప్యూటర్ ద్వారా మాత్రమే వెలువడే ప్రచురణలు 2012 నుంచి చెల్లుతున్నాయి, వాటిని జూబ్యాంక్ అనే జాబితాలో నమోదు చేయాలి. ఇప్పుడు డీఎన్ఏ వరుసలు కూడా జత చేస్తున్నారు. మచ్చలు మారే ఈ కుటుంబంలో అవి మంచి ఆసరా. పాత హోలోటైప్‌లలో మాత్రం డీఎన్ఏ చాలావరకు శిథిలమై ఉంటుంది, కాబట్టి సూదికి వేలాడే ఆ గ్లిజరిన్ గొట్టం అవసరం తీరలేదు.

భారత ఉపఖండంలోని అక్షింతల పురుగులకు, ఆకులు తినే ఎపిలాక్నా వర్గం మినహా, జె. పూరణి 2002లో వ్యాఖ్యలతో కూడిన జాబితా ప్రచురించారు. హోప్, మూల్సాఁ, క్రాచ్ వర్ణించిన వాటి నుంచి కపూర్ వర్ణించిన వాటి దాకా, వాటి పర్యాయనామాలతో సహా, అందులో ఒకచోట చేరాయి. పాత ప్రమాణ నమూనాలు చాలావరకు ఇప్పటికీ యూరప్ మ్యూజియాల్లోనే ఉన్నాయి. ఒక హిమాలయ పురుగు కొత్తదా కాదా అని తేల్చాలంటే భారతీయ పరిశోధకులు వాటిని అక్కడికెళ్లో, ఫొటోల ద్వారానో చూడాల్సి రావడం ఈ రంగానికి మిగిలిన పెద్ద భారం. కొత్తగా కనుగొనే వాటి విషయంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం దారి మార్చింది. దాని 39వ సెక్షన్ ప్రకారం దేశంలో ఎవరు కొత్త జాతిని కనుగొన్నా నిర్దేశిత సంస్థకు తెలియజేసి, నమూనాను అక్కడ అప్పగించాలి. కీటకాల నమూనాలను అలా భద్రపరిచే సంస్థల్లో కోల్‌కతాలోని జువలాజికల్ సర్వే, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఉన్నాయి.