ఫాంటు పోయిన ఉత్తరాలు

దోహాలో అల్ అజీజియా వీధుల్లో నడుస్తూ బోర్డుల మీది అరబ్బీ చూస్తుంటాను. ఒకే అక్షరానికి మాట మొదట్లో ఒక రూపు, మధ్యలో ఒకటి, చివర మరొకటి. మన గుణింతాలూ వత్తులూ గుర్తొస్తాయి. అక్షరానికొక బొమ్మ చాలనుకున్న ఇంగ్లీషు కంప్యూటర్లతో ఈ రెండు లిపులూ పడ్డ తిప్పలు ఒకటే.

1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో మనవాళ్ళు ఆర్టీయస్ పద్ధతి తయారుచేశారు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి కట్టుదిట్టమైన లెక్క అది. చూడ్డానికి ఎబ్బెట్టే, కానీ ఏ కంప్యూటర్లోనైనా చదువుకోవచ్చు. తర్వాత తెలుగు పత్రికలు వెబ్‌కెక్కాయి, ఒక్కోదానికి ఒక్కో ఫాంటుతో. ఎంత మురిసిపోయామో! నేనూ అలాంటి ఫాంటులోనే ఇంటికి ఉత్తరాలు రాసి దాచుకున్నాను. ఫాంటు పోయింది. ఇప్పుడు తెరిస్తే అన్నీ పిచ్చిగీతలే.

యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. అక్షరానికి మారని సంఖ్య ఒకటి. వత్తు ఎక్కడ కూర్చోవాలో చూసుకునే పని ఫాంటుది, సాఫ్ట్‌వేరుది. అరబ్బీకీ అదే మందు. అయితే 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చేదాకా ఆ మందు మామూలు మనిషికి అందలేదు. (అందాక కూడా పూర్తిగా పనిచేసిందనలేం. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' చుట్టూ అల్లుకున్న ఒక గుర్తుల వరస ఐఫోన్లనే కూలదోసింది!)

ఆర్టీయస్ మాత్రం చావలేదు. వీవెన్ చేసిన లేఖినిలో ఆ పద్ధతిలోనే కొడితే యూనికోడ్ తెలుగు వస్తుంది. ఎబ్బెట్టుగా ఉన్నాయని అప్పట్లో నేను నవ్విన ఆర్టీయస్ ఉత్తరాలు కొన్ని నా దగ్గర మిగిలాయి. వాటిని లేఖినిలో వేసి అమ్మకు చదివి వినిపించాను.