క్లచ్‌కు నూనె బలం

క్లచ్ పెడల్ నొక్కిన బలాన్ని గేర్‌బాక్సు దగ్గర అందుకుని రిలీజ్ బేరింగును తోసే చిన్న భాగం స్లేవ్ సిలిండరు. దాని మూలాలు మాత్రం బ్రేకులో ఉన్నాయి.

మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో బ్లేజ్ పాస్కల్ తేల్చాడు. ఆ సూత్రంతో 1795లో లండన్‌లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. కారు బ్రేకులకు దాన్ని పనికొచ్చేలా మలిచినవాడు అమెరికాకు చెందిన మాల్కమ్ లాకీడ్. విమానాల కంపెనీ లాకీడ్ సోదరుల్లో ఒకడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ కారు నాలుగు చక్రాలకూ ఈ బ్రేకులు వచ్చాయి.

తొలినాళ్ల బ్రేక్ ఆయిలు ఏమిటో తెలిస్తే మనవాళ్లకు ముచ్చటేస్తుంది: ఆల్కహాలు కలిపిన ఆముదం! పెట్రోలియం నూనె తగిలితే సహజ రబ్బరు వాషర్లు ఉబ్బి చెడిపోతాయి. ఆముదానికి ఆ దోషం లేదు. పాలమూరు, నల్గొండ మెట్టచేలలో పండే గింజలోని నూనే అది.

ఇదే నూనె ఒత్తిడి తర్వాత క్లచ్‌కూ వచ్చింది; అప్పటిదాకా దానికి కడ్డీలు, కేబుళ్లే దిక్కు. నూనె గొట్టాన్ని ఎటైనా వంచుకోవచ్చు, ఇంజను ఊగినా పెడల్‌కు ఆ కుదుపు రాదు. 1959 నాటి బ్రిటిష్ మినీలో క్లచ్ హైడ్రాలిక్‌దే. మన మారుతి 800 మాత్రం కేబులుతోనే నడిచింది.

తర్వాత కొన్ని కార్లలో సిలిండరును బెల్ హౌసింగు లోపల, ఇన్‌పుట్ షాఫ్టు చుట్టూ అమర్చారు. పొందిగ్గా ఉంటుంది, కానీ కారితే గేర్‌బాక్సు దించాల్సిందే.

అందుకే బలమైన క్లచ్ వేయించేటప్పుడు పాత సిలిండరును ఉంచుకోవడం తప్పని నా గట్టి అభిప్రాయం. గట్టి ప్రెషర్ ప్లేటును విడదీయడానికి నూనె ఒత్తిడి పెరగాలి, ఆ భారం పాత వాషరు మీద పడుతుంది. పైగా కొత్త ప్లేటు పడ్డాక పిస్టను నిలిచే చోటు మారుతుంది. వాషరు ఇన్నాళ్లూ తాకని, మడ్డి పేరుకున్న చోటికి జరిగి చిరుగుతుంది.

పెడల్ బరువైందని పెద్ద బోరు సిలిండరుకు వెళ్లకండి. పిస్టను వైశాల్యం రెట్టింపైతే బలమూ రెట్టింపవుతుంది, కానీ అది జరిగే దూరం సగమవుతుంది. క్లచ్ పూర్తిగా విడవక గేర్లు గీరుకుంటాయి. కొత్త క్లచ్ కిట్‌కు తగిన బోరు ఎంతో ముందే అడగండి. గేర్‌బాక్సు దించిన రోజే కొత్త సిలిండరు వేయించి, కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలు పోయించి, ఎయిర్ పూర్తిగా తీయించండి.