రాజుగారికి నచ్చని శుక్రవారాలు

విలియం క్యామ్‌డెన్ అనే బడిపంతులు ఇంగ్లండు ఊళ్ల, కోటల, పాత నాణేల సంగతులన్నీ పోగేసి 1586లో ‘బ్రిటానియా’ అనే లాటిన్ గ్రంథం అచ్చువేయించాడు. దాదాపు అప్పుడే లండన్‌లో పాత సంగతులంటే చెవికోసుకునేవాళ్లు కొందరు ఒకచోట చేరారు. ఎక్కువమంది లాయర్లు. కొందరు ప్రభువుల వంశవృక్షాలకు లెక్కరాసే ఆస్థానోద్యోగులు. వాళ్లలో జాన్ స్టో అనే దర్జీ కూడా ఉన్నాడు. యూనివర్సిటీ గడప తొక్కని ఆ మనిషి 1598లో లండన్ నగరాన్ని వీధివీధినా వర్ణిస్తూ పుస్తకం తెచ్చాడు. క్యామ్‌డెన్ శిష్యుడు రాబర్ట్ కాటన్ 1586 నాటికి పదిహేనేళ్ల కుర్రాడు. తర్వాత వీళ్లందరూ పాత ప్రతుల కోసం ఆశ్రయించింది అతని గ్రంథాలయాన్నే.

కోర్టులు నడిచే రోజుల్లో శుక్రవారం శుక్రవారం కలవాలని వీళ్ల ఏర్పాటు. ప్రశ్న ముందే ఇచ్చేవారు. ప్రతి ఒక్కరూ తన అభిప్రాయం కాగితం మీద రాసుకొచ్చో, నోటితోనో చెప్పాలి. ఆ తర్వాత సహపంక్తి భోజనం. 1598 నాటి పిలుపు చీటీ ఒకటి మిగిలింది. ఆ రోజు ప్రశ్న, చర్చి పరగణాలు ఎప్పటివి, వాటి హక్కులేమిటి అని. చీటీ చివర ఒక హెచ్చరిక కూడా ఉంది: పిలుపు అందినవారికి తప్ప మరెవరికీ చెప్పవద్దు. పరగణాల పాతకథకు ఇంత గుట్టెందుకో మరి!

నాణేలు, అంత్యక్రియల ఆచారాలు, ద్వంద్వయుద్ధాలు... చర్చించిన విషయాల్లో చాలావరకు ఎవరికీ కోపం తెప్పించనివే. కానీ పార్లమెంటు ఎంత పాతది అన్న ప్రశ్న కూడా వాటిలో ఉంది. రాజులే ముందు, పార్లమెంట్లు తర్వాత వచ్చాయని పుస్తకం రాసిన స్కాట్లండు రాజు, ఒకటో జేమ్స్‌గా 1603లో ఇంగ్లండు గద్దెనెక్కాడు. అంతకు ముందే, 1602 ప్రాంతంలో, కాటన్ మరో ఇద్దరితో కలిసి ఎలిజబెత్ రాణికి అర్జీ పెట్టుకున్నాడు. చరిత్ర కోసం ఒక అకాడమీ, గ్రంథాలయం, రాజశాసనం కావాలన్నది కోరిక. అది తేలకుండానే రాణి చనిపోయింది. 1607 ప్రాంతానికి సమావేశాలూ ఆగిపోయాయి.

మూయమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. అసలు కథ 1614లో జరిగింది. హెన్రీ స్పెల్మన్, మిగిలిన మిత్రులు మళ్లీ కూడారు. రాజ్య వ్యవహారాలూ మత విషయాలూ ముట్టుకోకూడదని తమకు తామే నియమం పెట్టుకున్నారు. తర్వాతి సమావేశానికి స్పెల్మన్ కోర్టు కాలాల పుట్టుక మీద వ్యాసం కూడా సిద్ధం చేసుకున్నాడు. ఈలోగా రాజుగారికి ఈ వ్యవహారం కాస్త రుచించలేదని కబురొచ్చింది. కాస్తే! అది చాలింది, మళ్లీ కూడలేదు. ఈ సంగతి మనకు తెలిసింది ఆ వ్యాసానికి స్పెల్మన్ రాసుకున్న ముందుమాట వల్లే.

రాజుల భయం ఉత్తి అనుమానం కాదనే నాకనిపిస్తుంది. కాటన్ దగ్గరి పాత శాసనాలూ రికార్డులూ పార్లమెంటు సభ్యుల వాదాలకు ఆయుధాలయ్యాయి. 1629లో ఒకటో చార్లెస్ ఆ గ్రంథాలయానికి తాళం వేయించాడు. రెండేళ్లకు కాటన్ చనిపోయేనాటికి కూడా అది స్వేచ్ఛగా అతని చేతికి రాలేదు. 1731లో అగ్నిప్రమాదం దాన్ని దెబ్బతీసింది. మిగిలినది 1753లో బ్రిటిష్ మ్యూజియం తొలి సేకరణల్లో ఒకటైంది.

1707 డిసెంబర్ 5, శుక్రవారం. స్ట్రాండ్ వీధిలోని ‘బేర్’ అనే సారాయి దుకాణంలో ముగ్గురు కూర్చున్నారు. పాత చేతిరాతల పండితుడు హంఫ్రీ వాన్లీ, పాత పుస్తకాలు సేకరించే జాన్ బ్యాగ్‌ఫర్డ్, చిత్రకళాభిమాని జాన్ టాల్‌మన్. వారం వారం కలుద్దామనుకున్నారు, అదీ శుక్రవారమే. వాళ్లు రాసుకున్న నియమాల్లో ఒకటి చదివితే నవ్వొస్తుంది. చరిత్ర అంటే ఒకటో జేమ్స్ ఏలుబడికి ముందు జరిగినదే అని గీత గీశారు. ఆ రాజు పోయి ఎనభై ఏళ్లు దాటినా ఆయన కాలం జోలికి పోలేదన్నమాట. భయమో, పాతకాలం మీద మక్కువో, రెండూనో.

ఈ జట్టూ మధ్యలో చల్లబడి, 1717లో గట్టిగా నిలదొక్కుకుంది. స్టోన్‌హెంజ్ రాళ్లను కొలిచిన విలియం స్టుక్లీ తొలి కార్యదర్శి. మొదటి బృందం వ్యాసాలను 1720లో థామస్ హెర్న్ అచ్చువేశాడు. నూరేళ్లకు పైగా చేతిరాతల్లో పడి ఉన్న ఆ చర్చలు అప్పటికి పాఠకుల ముందుకొచ్చాయి. ఎలిజబెత్‌ను అడిగిన రాజశాసనం రెండో జార్జ్ చేతుల మీదుగా 1751లో దొరికింది.

ఆ జట్టే సొసైటీ ఆఫ్ యాంటిక్వరీస్. అది ఇప్పుడు పికడిల్లీలోని బర్లింగ్టన్ హౌస్‌లో ఉంది. ఈ మధ్య దానికి ఇబ్బంది వచ్చింది అద్దె వల్ల. ఆ భవనం ప్రభుత్వానిది. ఏటేటా పెరిగే అద్దె కట్టలేక ఖాళీ చేయాల్సి వస్తుందేమోనన్న పరిస్థితి వచ్చింది. చివరికి 2024లో 999 ఏళ్ల లీజుకు ఒప్పందం కుదిరింది.