కనుబొమల వ్యాకరణము

మన్యమునకు ముఖద్వారమైన నర్సీపట్నము 2022 ఏప్రిల్ వఱకు విశాఖపట్టణ జిల్లాలోనిదే గనుక, ఈ ప్రాంతమువారికి ఉన్నతవిద్య యనగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తే స్ఫురించెడిది. ఆ పరిషత్తు ఇంజనీరింగు కళాశాలలో పి.వి.వి. కిశోర్, పి. రాజేష్‌కుమార్ గారలు, పదిమంది చేసిన 80 భారతీయ సంజ్ఞాభాషా సైగలను వీడియోలనుండి గుర్తించు కంప్యూటరు వ్యవస్థను గూర్చి 2012లో ప్రకటించిన పరిశోధన మన ప్రాంతచరిత్రలో చేర్పదగినదే యైనను, దాని దృష్టి చేతుల యొక్కయు శిరస్సు యొక్కయు రూపరేఖలపై నిలిచినదే గాని ముఖకవళికలపై నిలువలేదు.

ఇది వారి దోషము గాదు. సంజ్ఞాభాషాశాస్త్రము పుట్టుకయే అట్టిది. 1880లో మిలాన్ నగరమున సమావేశమైన బధిరవిద్యోపాధ్యాయులు సైగలను పాఠశాలలనుండి వెడలగొట్టి నోటిమాటకును ఓష్ఠపఠనమునకునే పట్టము కట్టగా, ఎనుబదియేండ్లకు, అనగా 1960లో, విలియం స్టోకో అను అమెరికా పండితుడు సైగలకును భాషాలక్షణము కలదని నిరూపించెను. నిరూపించియు, హస్తముయొక్క ఆకృతి, స్థానము, చలనము అను మూడింటినే ప్రధానాంగములుగా గ్రహించెను. యంత్రములును ఆ బాటనే నడచెను. చేయి పెద్దది, దాని కదలిక స్పష్టము. కనుబొమ కదలికయో సూక్ష్మము, క్షణికము, పైగా సైగ చేయు చేతులే తఱచుగా ముఖమును కప్పివేయును.

కాని భారతీయ సంజ్ఞాభాషలో చేతులు మార్పులేక యుండగనే, కన్నులు విప్పారి శిరస్సు ముందునకు వంగినచో వాక్యము ప్రశ్న యగును. తల అడ్డముగా నూగినచో నిషేధమగును. వినగలవారు దీనిని ఆవేశమని భ్రమింతురు గాని, ఇది వ్యాకరణము. ముఖావయవముల చలనములను లెక్కించుట మనకు క్రొత్త గాదు: పాల్ ఎక్మన్, ఫ్రీసెన్ అనువారు 1978లో ముఖకండరముల కదలికలకు సంఖ్యలు వేసి పట్టిక కూర్చుటకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే నాట్యశాస్త్రము భ్రూకర్మలు ఏడని చెప్పి, ఒక్కొక్కదానికి పేరు పెట్టినది. కూచిపూడి ప్రదర్శన చూచిన వానికి ఇందు విస్మయమేమియు లేదు. అయినను ఒక భేదమును మఱువరాదు. నాట్యమున భ్రుకుటి ప్రధానముగా భావమును తెలుపును. బధిరుని భ్రుకుటి కొన్ని సంజ్ఞాభాషలలో ప్రశ్నకు గుర్తు. కోపతాపముల చిత్రములతోనే శిక్షితమైన యంత్రము, ఊరి పేరు అడుగుచున్న మనుష్యుని చూచి కోపించినాడని తీర్పు చెప్పును!

సాధనములకు నేడు కొఱత లేదు. 2019లో గూగుల్ సంస్థవారు సామాన్యమైన ఫోను కెమెరాతోనే ముఖముపై 468 బిందువులను గుర్తించు విధానమును వెలువరించిరి. 2020లో చెన్నపట్టణపు బధిరపాఠశాల విద్యార్థుల తోడ్పాటుతో 263 భారతీయ సైగల వీడియోసంపుటము వెలువడినది. అవి విడివిడి పదములు; ప్రశ్నయు నిషేధమును పూర్తి వాక్యమునందు గాని తేటపడవు. కావున నర్సీపట్నపు బధిరుల సంభాషణమును రేపు చిత్రింపబూనువారు, కెమెరాను చేతులకే గురిపెట్టక, ముఖముపై చాలినంత వెలుతురుంచి, ఆ కనుబొమ ప్రశ్నయో కోపమో సైగ చేసినవారినే అడిగి వ్రాసికొందురు గాక.