కేప్‌టౌన్‌లో పుట్టిన అద్దె సర్వర్

అమెజాన్ క్లౌడ్ ఎలా పుట్టిందని అడిగితే చాలామంది ఒకే కథ చెబుతారు. క్రిస్మస్ రద్దీ కోసం కొన్న సర్వర్లు మిగతా ఏడాదంతా ఖాళీగా పడి ఉండేవట, వాటిని అద్దెకిచ్చారట. వినడానికి బాగానే ఉంది గానీ నిజం కాదు. ఆ కంపెనీ సాంకేతిక అధిపతి వెర్నర్ వోగెల్స్ స్వయంగా కొట్టిపారేశారు. అయినా మళ్లీ క్రిస్మస్ వస్తే అద్దెకున్నవాళ్లను వెళ్లగొడతారా?

అసలు తలనొప్పి వేరు. కొత్త ప్రోగ్రాం రాసిన ఇంజినీరు దాన్ని నడపడానికి సర్వర్ కావాలంటే ఇంకో విభాగం చుట్టూ తిరగాల్సి వచ్చేది. 2003లో క్రిస్ పింకమ్, బెంజమిన్ బ్లాక్ కలిసి దీనికి విరుగుడుగా ఒక పత్రం రాశారు. సర్వర్లన్నీ ఒకే తీరున ఉండాలి, మనిషి చెయ్యి పడకుండా వాటంతటవే సిద్ధం కావాలి అన్నారు. ఇలాంటి సర్వర్లను బయటివాళ్లకూ అమ్ముకోవచ్చని చివర్లో ఒక మాట చేర్చారు. చరిత్రలో నిలిచింది ఆ చివరి మాటే.

పింకమ్‌ది దక్షిణాఫ్రికా. సొంత దేశానికి వెళ్లిపోతానంటే కంపెనీ ఆయన్ను వదులుకోలేదు, కేప్‌టౌన్‌లోనే ఆఫీసు పెట్టించింది. ఆ పత్రంలోని అద్దె సర్వర్ ఆలోచనను అక్కడే ఒక చిన్న బృందం నిజం చేసింది. సియాటిల్‌లోని పెద్దాఫీసుకు అంత దూరాన ఉండటం ఆ చిన్న బృందానికి మేలే చేసిందని నా అభిప్రాయం.

వాళ్లకు కావలసిన ముడిసరుకు అప్పటికే ఉంది. కంప్యూటింగ్ కూడా టెలిఫోన్ సేవలా అందరికీ అందే రోజు వస్తుందని జాన్ మెకార్తీ 1961లోనే అన్నారు. ఒకే ఇంటిని వాటాలు చేసి ఎవరి తాళం వాళ్లకిచ్చినట్టు, ఒక పెద్ద కంప్యూటర్‌ను అనేక కంప్యూటర్లుగా విడగొట్టే పద్ధతి ఐబీఎం చేతిలో 1960ల చివరి నుంచీ ఉంది. మామూలు సర్వర్ల మీద ఆ పనిచేసే 'జెన్' సాఫ్ట్‌వేర్ కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో తయారైంది. కేప్‌టౌన్ బృందం దాన్నే వాడుకుంది.

2006 మార్చిలో ఫైళ్లు దాచుకునే ఎస్3 వచ్చింది. ఆగస్టు 25న కేప్‌టౌన్ బృందం చేసిన అద్దె సర్వర్ సేవ ఈసీ2 వచ్చింది, అప్పటి అద్దె గంటకు 10 సెంట్లు. ఆపరేటింగ్ సిస్టం, మన ప్రోగ్రాం, సెట్టింగులు అన్నీ కలిపి ఒక ఇమేజ్‌గా చేసి ఎస్3లో ఉంచాల్సి ఉండేది. ఒక్క కమాండ్ కొడితే నిమిషాల్లో సర్వర్ లేచేది. వంద కావాలంటే వంద.

మరుసటి ఏడాది న్యూయార్క్ టైమ్స్‌లో ఒక ఇంజినీరు సరిగ్గా అదే పని చేశాడు. పాత సంచికల్లోని 1.1 కోట్ల వ్యాసాలను వంద అద్దె సర్వర్లతో ఒక్క రోజులోపే పీడీఎఫ్‌లుగా మార్చేశాడు. వంద సర్వర్లు, 24 గంటలు, గంటకు 10 సెంట్లు: లెక్క కడితే సర్వర్ల అద్దె 240 డాలర్లు. సొంతంగా వంద సర్వర్లు కొనిపెట్టమని ఏ యాజమాన్యాన్నైనా అడిగి చూడండి!

మెలిక లేకపోలేదు. తొలి ఈసీ2లో సర్వర్ ఆగితే అందులోని డేటా కూడా పోయేది. విడిగా నిలిచే డిస్కులు 2008లో గానీ రాలేదు. ఈలోగా ప్రోగ్రామర్లకు ఓ మంచి అలవాటైంది: సర్వర్‌ను నమ్ముకోకూడదు, డేటా ఇంకోచోట ఉండాలి, ఒకటి పోతే ఇంకొకటి లేవాలి. నేటికీ క్లౌడ్‌లో అప్లికేషన్ పెట్టే తీరుకు ఇదే పునాది. 2013లో వచ్చిన డాకర్, ఆ మరుసటి ఏడాది వచ్చిన కుబెర్నెటిస్ అనే సాఫ్ట్‌వేర్లు ఈ దారినే ఇంకాస్త వెడల్పు చేశాయి.

2022 నవంబర్‌లో అమెజాన్ హైదరాబాద్‌లోనూ డేటా సెంటర్లు తెరిచింది. గంటల లెక్కన తిరిగిన మీటరు ఇప్పుడు చాలా సర్వర్లకు సెకన్ల లెక్కన తిరుగుతోంది. నేర్చుకోవడానికి ఖాతా తెరిచే విద్యార్థులు ముందుగా బిల్లు హెచ్చరిక పెట్టుకోండి. పని అయ్యాక సర్వర్ ఆపేసి, దాని డిస్కును కూడా తొలగించండి. సర్వర్ ఆగినా డిస్కు అద్దె పడుతూనే ఉంటుంది.